దీపపు పురుగులకి ఏ దీపం

మా ఆయన గురించి ఎవరైనా చెప్పాల్సి వస్తే, వీధి దీపాలు బాగుచేసేవాడు, మంచివాడు, ఒకరి జోలికి పోయేవాడు కాదు అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. నాకు అలా తేల్చడం ఇష్టం లేదు. ఆయన బతికుండగా నేను చెప్పకూడని మాట ఒకటుండేది. ఇప్పుడు ఆయన లేరు. ఆ మాట విని కుప్పకూలిపోయే మనిషి లేరు కాబట్టి చెబుతున్నాను. నాకు నోరెక్కువనీ, నా నోట్లో నువ్వుగింజ నానదనీ మా వీధంతా అనుకుంటుంది. అనుకోనీండి, వీధికి కూడా ఏదో ఒక పని ఉండాలిగా.

పెళ్ళయిన కొత్తలో ఆయనతో వీధిలో నడవడమంటే నాకు ప్రాణసంకటంగా ఉండేది. ఆ కళ్ళెప్పుడూ పైనే. స్తంభం తర్వాత స్తంభం చూసుకుంటూ నడిచేవారు. కింద గుంట ఉందా, కుక్క పడుకుందా ఆయనకి పట్టదు. చెయ్యి పట్టుకుని పక్కకి లాగితే, "మూడోది రెప్పలు కొడుతోంది, చూశావా?" అనేవారు. కొత్త పెళ్ళాం రెప్పలు చూడాల్సిన వయసులో దీపం రెప్పలు చూసిన మొగుడు దొరికాడని మా అక్కతో చెప్పుకుని నవ్వుకునేదాన్ని.

ఆయన అసలు పేరు చాలామందికి తెలీదు. దీపాలాయన అనేవారు. నిచ్చెన బండి మీద నిలబడి, పాత బల్బు విప్పి చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, పోయిందో లేదో చెప్పేవారు. డాక్టరు గుండె విన్నట్టు వినేవారు. వీధిలో ఏ దీపం పోయినా మా తలుపు తట్టేవాళ్ళు. మా వంటింట్లో బల్బు పోతే మాత్రం వారం గడిచినా పట్టించుకునేవారు కాదు. దీపం కిందే చీకటని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. నేను చీకట్లో గిన్నెలు దభీ దభీమని పెడితే అప్పుడు గుర్తొచ్చేది.

ఆయనకి ఒక్కతే చెల్లెలు. అమ్మానాన్నలు ముందే పోతే ఈయనే చంకన వేసుకుని పెంచారు. ఎంత సన్నగా ఉండేదంటే చిన్నప్పుడు పిచ్చుక అని పిలిచారు, అదే పేరై కూర్చుంది. ఆడపడుచు అర్ధమొగుడు అంటారు కదా, నేను ఆ అర్ధమొగుడితో తగువులకి సిద్ధపడే, కొంగు బిగించుకునే ఈ ఇంట్లో అడుగుపెట్టాను. వచ్చిన వారంలోనే నా జాకెట్టు చెయ్యి చిరిగితే, ఆ చిరుగు మీద చిన్న ఆకు కుట్టి తెచ్చి, బావుందా వదినా అని భయంభయంగా అడిగింది. ఇంక ఏం పోట్లాడతాను? కొంగు వదిలేశాను.

తెరలూ, దిండు గలీబులూ, పిల్లల గౌన్లూ కుట్టే దుకాణంలో దానికి పని. బట్ట మీద బొమ్మ గీసేదీ తనే, మిషను మీద కుట్టేదీ తనే. మధ్యాహ్నం భోజనం వేళ పార్కులోకి పోయి ఆకులు, ఈనెలు, గడ్డిపువ్వులు చూసి వచ్చేది. సాయంత్రానికి అవి ఎవరో ఒకరి కిటికీ తెర మీదకి ఎక్కేవి. చేతిలో అంత కళ ఉన్న పిల్ల మళ్ళీ మాటల్లో ఏమీ తెలియనట్టుండేది. అన్నయ్య ఏం చెబితే అదే వేదం.

ఆ తర్వాత జబ్బు వచ్చింది. ముందు వేళ్ళ కీళ్ళు నొప్పులన్నది. కుట్టుపని కదా, మామూలే అనుకున్నాం. తర్వాత ముక్కుకి అటూ ఇటూ బుగ్గలు ఎర్రగా కందాయి. ఎండలో తిరిగితే జ్వరం. పరీక్షలన్నీ చేసి లూపస్ అన్నారు. ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడుతుందిట. మందులు వాడితే అణిగి ఉంటుంది, కానీ ఎండ తగలకూడదు, తగిలిందంటే రెచ్చిపోతుంది అని డాక్టరమ్మ చెప్పారు. ఇప్పటికే మూత్రపిండాలు కొంచెం దెబ్బతిన్నాయి, ఇంకోసారి గట్టిగా రెచ్చిపోతే అవి తట్టుకోవు అని కూడా చెప్పారు. ఆ మాట ఈయన గుండెలో మేకులా దిగింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎండ దొంగ అయిపోయింది. ఎక్కడి నుంచి దూరుతుందా అని ఈయన కాపలా. దాని గదికి నల్లటి మందపాటి గుడ్డ తెచ్చి స్వయంగా తెరలు కుట్టారు, వంకరటింకరగా. తలుపు కింద సందుకి గుడ్డ పేలిక. దుకాణం వాళ్ళు మంచివాళ్ళు, మిషను ఇంటికే పంపారు. పగలంతా అది ఆ గదిలో దీపం పెట్టుకుని కుట్టేది. పొద్దుగూకాక అన్నాచెల్లెళ్ళిద్దరూ వీధిలో నడిచి వచ్చేవారు. ఇద్దరూ తలలు పైకెత్తుకునే. వాళ్ళని చూస్తే నాకు నవ్వూ వచ్చేది, ఏ గుంటలో పడతారోనని భయమూ వేసేది.

కానీ బొమ్మలు ఆగిపోయాయి. చీకట్లో పార్కులో ఆకు చూసి ఏం గీస్తుంది? పాతవే మళ్ళీ మళ్ళీ కుట్టేది. దుకాణంలో కొత్తవి అడుగుతున్నారని ఒకసారి అని ఊరుకుంది. తిండి తగ్గింది. అద్దం ముందు దువ్వుకోవడం మానేసింది. ఈయన చూస్తూ చూస్తూ ఏమీ తోచక, నన్ను కసురుకునేవారు.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం వీధిలో స్తంభం కింద అరచేతిలో సగం ఉండే దీపపు పురుగు ఒకటి పడి ఉంటే ఎత్తి ఇంటికి తెచ్చింది. మనం దీపపు పురుగంటే ఛీ అని చీపురుతో నెట్టేస్తాం. పిచ్చుక దాన్ని గ్లాసు కింద పెట్టి చూపించింది. పైరెక్కలు చెట్టు బెరడు రంగు, సన్నని గీతలు, గీత పక్కన గీత, పెన్సిలుతో ఓపిగ్గా వేసినట్టు. పైరెక్క కొంచెం జరిపితే లోపల రెక్క నిప్పు రంగు. నేను ఈ వయసు దాకా ఎన్ని పురుగుల్ని ఊడ్చి పారేశానో, ఒక్కదాని రెక్క కూడా చూడలేదు.

"వదినా, ఇది కూడా నాలాగే ఎండ పడనిదే," అంది. చాలా రోజుల తర్వాత దాని ముఖంలో వెలుగు కనిపించింది.

ఆ రెక్క ఒక దిండు గలీబు మీదకి వచ్చింది. దుకాణం ఆవిడ చూసి, ఇదేం పువ్వో గానీ ఇలాంటివి ఇంకా కావాలందట. పురుగని చెబితే కొంటారా ఎవరైనా? మేం ముగ్గురం కడుపుబ్బ నవ్వుకున్నాం. ఇక ఈయనకి పని దొరికింది. చెల్లెలికి పురుగులు కావాలి. చంపకూడదు, రెక్క చెడకూడదు, చూసి గీసుకుని మళ్ళీ వదిలెయ్యాలి. నీళ్ళ డబ్బా పైభాగం కోసి గరాటు చేశారు. దాన్ని బకెట్టు మీద బోర్లించకుండా, మామూలుగానే వెడల్పు నోరు పైకి పెట్టి బిగించారు. బకెట్టులో కోడిగుడ్ల అట్టలు నిలబెట్టారు, పురుగులు ఆ గుంటల్లో నక్కి కూర్చుంటాయని. గరాటు మీద దీపం. దీపానికి వచ్చిన పురుగు తిరిగి తిరిగి గరాటులోకి జారి, బకెట్టులో పడి, బయటికి దారి తెలియక అట్టల్లో పడుకుంటుంది. తెల్లారకుండానే ఈయన బకెట్టు పిచ్చుక గదిలో పెట్టేవారు. పగలంతా అది గీసుకునేది. సాయంత్రం డాబా మీద అట్టలు పరిచి వదిలేసేది.

బకెట్టు సులువే. ఏ దీపం పెట్టాలన్నదే చిక్కొచ్చింది. ముందు మా వంటింట్లో ఎల్‌ఈడీ బల్బు ఊడదీసుకుపోయారు. నా వంట చీకట్లో పడింది గానీ బకెట్టులో రెండు దోమలు, దారి తప్పిన పేడపురుగొకటి. పాతకాలపు పసుపు బల్బు ఎక్కడో సంపాదించి పెట్టారు. వేడికి గరాటు వంగింది, చిన్నా చితకా బూడిద రంగువి నాలుగైదు వచ్చాయి. ట్యూబులైటు నిలబెట్టి కట్టారు. కొంచెం నయం అనుకునేలోపు వాన పడి చోక్ కాలిపోయింది. హోటల్లో ఈగల కోసం పెట్టే నీలం దీపం అడగడానికి వెళ్ళారు. హోటలాయన దీపంతో పాటు మా ఈగలూ మీ ఇంటికొస్తాయా అని వేళాకోళమాడి పంపించాడు. ప్రతిసారీ పొద్దున్నే అది ఆశగా అట్టలు ఎత్తి చూసి, "ఫర్వాలేదులే అన్నయ్యా," అనేది. ఆ ఫర్వాలేదు వినలేకనే ఈయన అంత పట్టుబట్టారు.

ఆయనకి తెలిసినదొకటి ఉంది. ఊరంతా వీధి దీపాలు ఎల్‌ఈడీలు కాకముందు పాదరసం దీపాలుండేవి. వాటి మీద కప్పిన డిప్పలు విప్పితే చచ్చిన పురుగులు దోసిళ్ళకొద్దీ రాలేవి. ఎల్‌ఈడీలు వచ్చాక డిప్పలు శుభ్రంగా ఉంటున్నాయి. అంటే పురుగులకి ఇష్టమైన దీపం పాదరసం దీపమే. పాతవన్నీ దింపి స్టోరులో గుట్టగా పోశారు. బాగున్నవి పెట్టెల్లో పెట్టి సీలు వేశారు, వెనక్కి పంపాలట. దింపేటప్పుడు పైగాజు పగిలినవి మూలన పడేశారు. ఆ దీపానికి రెండు గాజులుంటాయి. బయట పెద్ద గాజుబుడ్డి, లోపల వేలంత గొట్టం. వెలిగేది లోపలి గొట్టమే. పైగాజు పగిలినా గొట్టం వెలుగుతూనే ఉంటుంది. పైగాజు వానకీ గాలికీ అడ్డం అంతే అని ఆ పనిలో ఉన్నవాళ్ళందరూ అనుకునేవారు. పగిలిన దీపాల దగ్గర పనిచేసి వచ్చిన రోజు కళ్ళు ఎర్రబడితే దుమ్మనుకుని కడుక్కునేవారు. స్టోరు గుమాస్తా మూలనున్న వాటిలో నీకు నచ్చింది పట్టుకుపో అన్నాడు. ఈయన ఒకటి ఏరి, పైన మిగిలిన గాజుముక్కలు చెల్లెలి వేలికి గుచ్చుకుంటాయేమోనని పట్టకారుతో ఒక్కొక్కటీ విరిచి, అంచు నున్నగా రుద్ది తెచ్చారు.

అది వెలిగించగానే వెలగదు. ముందు గులాబీరంగుగా మిణుకుమంటుంది. నెమ్మదిగా ముదిరి ముదిరి తెల్లగా, నీలంగా మండుతుంది. పిడుగు పడ్డాక గాలిలో వచ్చే వాసన లాంటిది ఒకటి వచ్చేది. ఆ సాయంత్రం డాబా మీదకి పురుగులు వచ్చాయి చూడండి, నేను మాటల్లో చెప్పలేను. ఆకుపచ్చవి, పాల రంగువి, తోక ఉన్నవి, రెక్కల మీద కళ్ళలాంటి చుక్కలున్నవి. ఈయన జుట్టులో, నా భుజాల మీద. పిచ్చుక దీపం పక్కనే పీట వేసుకుని, పొడుగు చేతులు మోచేతుల దాకా మడిచి, ఒక్కోదాన్ని వేలి మీద ఎక్కించుకుంటూ కూర్చుంది. రాత్రి కదా, ఎండ లేదు కదా, దానికి ఇంక భయం లేదు. భోజనానికి రమ్మని ఎన్నిసార్లు పిలిచినా కదల్లేదు. ఈయన గోడకి ఆనుకుని నిలబడి పురుగుల్ని కాదు, దాన్ని చూస్తున్నారు. ఆయన అంత సంతోషంగా ఉండగా నేను చూసినవి వేళ్ళ మీద లెక్క.

మర్నాడు మా ముగ్గురికీ కళ్ళలో ఇసుక పోసినట్టుంది. దీపం చూస్తూ కూర్చున్నాం కదా అనుకున్నాం. ఆ వానాకాలమంతా డాబా మీద ఆ దీపం వెలిగింది. గోడ నిండా కాగితాలు, కాగితాల నిండా రెక్కలు. దుకాణం వాళ్ళు కుట్టలేనన్ని బొమ్మలు ఇచ్చింది. తిండి కూడా తింటోంది.

వానలు తగ్గుముఖం పట్టేసరికి జబ్బు తిరగబెట్టింది. బుగ్గలు, మెడ, మోచేతుల నుంచి వేళ్ళ దాకా ఎర్రగా కమిలింది. కాళ్ళు వాచాయి. ఈయన పిచ్చివాడిలా గది తెరలన్నీ వెతికారు. సూది దూరేంత సందు లేదు. అప్పుడు నా మీద పడ్డారు. గది ఊడుస్తూ కిటికీ తీసుంటానని, నాకు ఎప్పుడూ గాలీ వెలుతురూ అని గోల అని. నేనూరుకుంటానా? కిటికీ గడియ మీద దుమ్ము చూపించి, ఎవరు తీశారో ఆ దుమ్మునే అడగమన్నాను. వీధి చివరి దాకా వినిపించేలా అరుచుకున్నాం. గదిలోంచి అది వదినని అనకు అన్నయ్యా అంటూనే ఉంది.

ఆస్పత్రిలో ఈయన మందుల వరసలో నిలబడ్డారు. లోపల నేనూ అదీ డాక్టరమ్మా. ఎండలోకి వెళ్ళావా అని అడిగారు. లేదంది. ఇంట్లో ఏమేం దీపాలున్నాయి, ఎక్కడ కూర్చుంటావు, సాయంత్రాలు ఏం చేస్తావు అని ఓపిగ్గా అన్నీ అడిగారు. అది సంబరంగా పురుగుల సంగతి, దీపం సంగతి చెప్పుకొచ్చింది. డాక్టరమ్మ రాయడం ఆపేశారు. పైగాజు ఉందా లేదా అని రెండుసార్లు అడిగారు.

"చూడమ్మా, ఎండలో కంటికి కనపడని భాగం ఒకటుంటుంది. నీకు చేటు చేసేది అదే. ఆ దీపం లోపల కూడా అదే పుడుతుంది, పైగాజు దాన్ని ఆపుతుంది. పైగాజు లేదంటే, రాత్రిపూట డాబా మీద ఎండని పెట్టుకుని దాని పక్కన కూర్చున్నట్టే," అన్నారు.

ఆవిడ మంచి మనిషి. తెలియక జరిగింది, దీపం ఇవాళే తీసెయ్యండి, కొత్త మందు మొదలుపెడదాం అన్నారు. మూత్రపిండాల సంగతి అడిగితే చూద్దాం అన్నారు. ఆ చూద్దాంలో ఏముందో మా ఇద్దరికీ అర్థమైంది.

వసారాలోకి రాగానే అది నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు వాచి ఉన్నాయి, అయినా గట్టిగా పట్టుకుంది. "వదినా, అన్నయ్యకి చెప్పకు. నాకు దీపం తెచ్చిందీ తనే, గాజు తీసిందీ తనే. తెలిస్తే బతకడు. నీ నోటి సంగతి నాకు తెలుసు. అయినా నిన్నే అడుగుతున్నాను."

నేను తలూపాను. ఊపేటప్పుడు అదెంత బరువో తెలిసి ఊపలేదు. ఈయన మందుల సంచీతో ఎదురొచ్చి డాక్టరమ్మ ఏమన్నారని అడిగారు. నేను నోరు తెరిచేలోపే అది, తప్పు తనదే అంది. పగలు ఎవరూ చూడకుండా కిటికీ తెర తీసి కాసేపు ఎండలో కూర్చున్నానంది. గడియ మీద దుమ్ము సంగతి ఈయనకి గుర్తు రాలేదు. చెల్లెలు అబద్ధమాడుతుందని కల్లో కూడా అనుకోని మనిషి. దాన్ని ఒక్కమాట అనలేదు. ఆ సాయంత్రమే చెక్క తెచ్చి దాని గది కిటికీకి అడ్డంగా బిగించి మేకులు కొట్టారు. మేకు మేకుకీ అది మంచం మీద కూర్చుని తలదించుకుంది.

డాబా మీద దీపం తీసెయ్యాలి. ఎందుకని చెప్పాలి? ఆ దీపం కళ్ళకి గుచ్చుతోంది, పాత పసుపు బల్బే బావుంది అన్నయ్యా అంది. ఈయన ముఖం మాడిపోయింది. అయినా మారు మాట లేకుండా మార్చారు. మళ్ళీ పొద్దున్నే బకెట్టులో నాలుగు బూడిద పురుగులు. అది వాటినే ముద్దుగా చూసి గీసేది, ఓపిక ఉన్నంతసేపు. దీనికి బతుకు మీద ఆశ పోయిందే, నా కష్టం చూసి జాలిపడి ఆ దీపం వద్దంది అని వంటింట్లో నా దగ్గర కూర్చుని కుమిలిపోయేవారు. కాదండీ అని నాలుక చివరి దాకా వచ్చేది. మింగలేక కక్కలేక ఎన్ని పూటలు పొయ్యి వైపు తిరిగి నిలబడ్డానో.

కొత్త మందు పని చెయ్యలేదు. మనిషి మంచం దిగలేని స్థితికి వచ్చింది. ఒకరోజు పొద్దుగూకే వేళ నేను బట్టలు తీసుకుని లోపలికి వచ్చేసరికి దాని గదిలో చప్పుడు. ఈయన కిటికీ చెక్క ఊడదీశారు, చీకటి పడింది కదా అని. మంచం పక్క గోడకి తెల్ల దుప్పటి కట్టారు. దుప్పటి ముందు, దాని తలకి మూరెడు దూరంలో, స్టూలు మీద ఆ పాదరసం దీపం. అప్పుడే మీట నొక్కారు, గులాబీరంగుగా మిణుకుమంటోంది. అది నిద్రలో ఉంది. నిద్ర లేచేసరికి దుప్పటి నిండా పురుగులు వాలి ఉండాలి, ఒక్కసారి మునుపట్లా నవ్వాలి, అంతకంటే నాకేమీ వద్దు అని నాతో గుసగుసగా అన్నారు.

ఆపెయ్యమన్నాను. ఎందుకన్నారు. కళ్ళు మండుతాయందిగా అన్నాను. అది తన మీద జాలితో అన్న మాటంటూ కొట్టిపారేశారు. దీపం ముదురుతోంది, తెల్లబడుతోంది. మాటలకి అది లేచింది. దీపాన్ని చూసింది. అన్నయ్యని చూసి నవ్వింది, ఆయన కోరుకున్న నవ్వే. తర్వాత నావైపు చూసి, చెప్పొద్దన్నట్టు తల మెల్లగా అటూ ఇటూ ఊపింది.

ఆ దీపం దాన్ని కాలుస్తుంటే, అన్నయ్య మనసు నొప్పించకూడదని నవ్వుతూ పడుకుంటుందన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది. తీగ లాగేశాను. చేతిలో ఉన్న తువ్వాలు చుట్టి దీపాన్ని హోల్డరుతో సహా పట్టుకుని కిటికీలోంచి వెనక సందులోకి విసిరేశాను. అరచెయ్యి కాలింది. కింద పగిలిన చప్పుడు అయింది.

నా మొగుడు నన్ను కసిరేవారే గానీ, మనసు విరిగేలా ఒక మాట అని ఎరగరు, కిటికీల గొడవ తప్ప. ఆయన నావైపు చూసిన చూపు నేను చెప్పలేను. "అది నవ్వితే నీకెందుకే అంత మంట?" అన్నారు.

నోరున్నదాన్ని. ఊళ్ళో అందరికీ జవాబు చెప్పేదాన్ని. ఆ మాటకి మాత్రం కాలిన చెయ్యి కొంగులో దాచుకుని నిలబడ్డాను. వదినని ఏమీ అనకు, వదిన మంచిదే అని అది ఏడుస్తూ అంది. అదెంత చెబితే ఆయనకి అంత నమ్మకం కుదిరింది, చెల్లెలు దేవత, పెళ్ళాం రాక్షసి అని.

చలికాలం రాకముందే పిచ్చుక పోయింది. చివరి రోజుల్లో నేను ఒళ్ళు తుడుస్తుంటే నా కాలిన అరచెయ్యి బుగ్గకి ఆనించుకునేది. ఆ దీపం వల్లే పోయిందా అని డాక్టరమ్మని ఒక్కదాన్నే వెళ్ళి అడిగాను. అంతకుముందే దెబ్బతిని ఉంది, ఇదే అని తేల్చి చెప్పలేను, ఇది కూడా అని మాత్రం చెప్పగలను అన్నారు. ఆ 'ఇది కూడా' నేను ఇంటికి మోసుకొచ్చి ఎవరికీ కనపడకుండా పెట్టుకున్నాను.

బంధువులు వచ్చారు. మా ఆయన పిన్ని ఒకావిడ, చావుబతుకుల్లో ఉన్న పిల్ల దీపం పగలగొట్టిందట మహాతల్లి అని పక్కవాళ్ళ చెవిలో ఊదడం నాకు వినపడాలనే ఊదింది. ఇంకో రోజైతే ఆవిడని నిలబెట్టి కడిగేసేదాన్ని. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఇక్కడ పడేది నా కాళ్ళ మీద కూడా కాదు. పళ్ళబిగువున ఊరుకున్నాను. చచ్చి నువ్వు బయటపడ్డావు పిల్లా, నన్ను ఇందులో ఇరికించి పోయావు అని దాన్నే తిట్టుకున్నాను. తిట్టుకుంటూ ఏడ్చాను.

చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకోలేదు? సాయంత్రం పూట వీధిలోకి వెళితే ఆయన నిచ్చెన బండి మీద కనిపించేవారు. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని ఇంకో చేత్తో దీపం బిగిస్తూ. అది వెలగగానే కిందున్న పిల్లలు ఓ అని అరిస్తే, ఒక్క క్షణం ఆ ముఖం మనిషి ముఖంలా ఉండేది. చెబితే ఆ చెయ్యి మళ్ళీ దీపం ముట్టుకోదు. ఆ ఎత్తు మీద నిలబడి ఏం ఆలోచిస్తారో, కడ్డీ వదిలేస్తారో ఏమోనన్న భయం కూడా ఉండేది. అలా చూసి, వెనక్కి తిరిగి వచ్చేసేదాన్ని.

నాతో చెడ్డగా ఉన్నారా అంటే లేదు. వేళకి ఇంటికొచ్చారు, జ్వరమొస్తే కషాయం కాచి ఇచ్చారు. వంటింటి బల్బు పోతే అడక్కుండానే ఆ పూటే మార్చేవారు. కానీ వీధిలో నడిచేటప్పుడు, మూడోది రెప్పలు కొడుతోంది చూశావా అని నాతో అనడం మానేశారు. పైకి చూసేవారు, చూసి ఊరుకునేవారు. పాత రోజుల్లో లాగా కసిరినా బావుండేది. అలాగే మా ఇద్దరికీ జుట్టు నెరిసింది.

ఉద్యోగం నుంచి దిగిపోయిన రోజు సాయంత్రం, తోటివాళ్ళు ఇంటి దాకా వచ్చి దింపి వెళ్ళారు. ఆయన నేరుగా డాబా మీదకి వెళ్ళి కూర్చున్నారు. కాసేపటికి నన్ను పిలిచారు. పక్కన కూర్చోమన్నారు. చాలా ఏళ్ళ తర్వాత ఆ పిలుపు.

"ఒక మాట చెప్పాలి," అన్నారు. "పిచ్చుక పోయే ముందు నువ్వు చేసిన పని ఇన్నేళ్ళూ మనసులో పెట్టుకున్నాను. నీ చేతి కూడు తింటూనే పెట్టుకున్నాను. అది తప్పు. దానికి నువ్వెంత చాకిరీ చేశావో నేను చూశాను. చేసి చేసి విసిగిపోయుంటావు. మనిషన్నాక ఒక్క క్షణం ఈర్ష్య పుట్టదా? నేను క్షమించేశాను. ఈ మాట ఇంక మన మధ్య లేదు."

నా లోపల ఉన్నదంతా ఒక్కసారి గొంతులోకి వచ్చింది. ఆస్పత్రి వసారా, గాజుముక్కలు విరిచిన పట్టకారు, మేకులు కొట్టిన చెక్క, అన్నీ. ఇప్పుడు ఆయన నిచ్చెన ఎక్కే పని కూడా లేదు. చెప్పేస్తే నా మీద మచ్చ పోతుంది. ఆయన వైపు తిరిగాను. ఏదో మూట దింపుకున్నట్టు ఊపిరి తీసుకుంటున్నారు. ఆ ముఖం అంత తేటగా ఉండగా చెల్లెలు పోయాక చూడటం అదే మొదలు. నా మీద నుంచి పోయిన మచ్చ వెళ్ళి ఎక్కడ పడుతుందో నాకు తెలుసు.

"తప్పయిపోయిందండీ," అన్నాను.

ఆయన నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, "పోనీలే," అన్నారు.